డాన్ ఆఫ్ ది డెడ్: 1978 నాటిదీ 2004 రీమేకూ వరసగా చూశాను, మీరేమంటారు? (రెండు సినిమాల ముగింపులూ ఇందులో ఉన్నాయి)

పాతరీలు (విజయవాడ), శనివారం రాత్రి 11:42

నిన్న రాత్రి జార్జ్ రొమేరో 1978లో తీసిన డాన్ ఆఫ్ ది డెడ్, ఇవాళ జాక్ స్నైడర్ 2004లో తీసిన రీమేక్ చూశాను. పాతది ఇంటర్ చదివే రోజుల్లో వీడియో పార్లర్‌లో చూసిందే. అప్పట్లో రక్తం, పేగులు తప్ప నాకేమీ పట్టలేదు. ఇప్పుడు చూస్తుంటే అసలు ఆ సినిమానే కాదనిపించింది.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళను తింటుంటారు. కొందరు తప్పించుకుని ఒక షాపింగ్ మాల్‌లో దాక్కుంటారు. రెండు సినిమాలకూ ఉమ్మడిగా ఉన్నది ఇంతే. పాతదాంట్లో నలుగురే. ఫిలడెల్ఫియా టీవీ స్టేషన్‌లో పనిచేసే ఫ్రాన్, ఆమె ప్రేమించిన హెలికాప్టర్ పైలట్ స్టీఫెన్, పోలీసు కమాండోలు పీటర్, రోజర్. కొత్తదాంట్లో మిల్వాకీలో నర్సు ఆనా, పోలీసు కెన్నెత్, మాల్ సెక్యూరిటీ గార్డులు, తర్వాత ట్రక్కులో వచ్చేవాళ్ళు కలిపి డజను పైనే.

రీమేక్ నన్ను బాగా భయపెట్టింది. కానీ వీళ్ళు మాల్‌కే ఎందుకు వచ్చారు అంటే ఆ సినిమా దగ్గర జవాబు లేదు. గట్టి తలుపులున్న ఏ గోడౌన్‌లో తీసినా కథ పెద్దగా మారదు. రొమేరో సినిమాలో మాల్‌ను తీసేస్తే ఏమీ మిగలదు.

ఆ సినిమాలో ఫ్రాన్ కిందికి చూసి, ఈ శవాలు ఇక్కడికే ఎందుకు వస్తున్నాయి అని అడుగుతుంది. పాత అలవాటు, ఏదో జ్ఞాపకం, వాళ్ళ బతుకులో ఇది ముఖ్యమైన చోటు అంటాడు స్టీఫెన్. అదే స్టీఫెన్ చివర్లో జాంబీ అయి, తాము దాక్కోవడానికి కట్టిన దొంగ గోడ దగ్గరికి మిగతా శవాలన్నిటినీ తీసుకొస్తాడు. అదీ జ్ఞాపకమే. గంటకు పైగా ముందు చెప్పిన మాటను అంత భయంకరంగా నిజం చేసి చూపించడం నేను ఇంకో హారర్ సినిమాలో చూడలేదు.

మీరేమంటారో రాయండి.

ఫాస్ట్‌జాంబీ (హైదరాబాద్), ఆదివారం ఉదయం 8:15

అన్నా, పాతది గొప్పదే, ఒప్పుకుంటా. కానీ రీమేక్‌ను మరీ తక్కువ చేశారు. మొదటి పది నిమిషాలు ఇంకోసారి చూడండి.

ఆనా డ్యూటీ దిగి ఇంటికొస్తుంది. కారులో రేడియో స్టేషన్ మార్చేస్తుంది, ఇంట్లో టీవీలో వార్త వస్తుంటే మొగుడూ పెళ్ళాం స్నానం చేస్తుంటారు. ప్రపంచం కూలిపోతోందని వాళ్ళ చుట్టూ అన్నీ చెప్తూనే ఉన్నా వాళ్ళ చెవిన పడదు. తెల్లారేసరికి పక్కింటి చిన్నపిల్ల బెడ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఉంటుంది. పాపకు దెబ్బ తగిలిందనుకుని మొగుడు దగ్గరికెళ్తాడు. అక్కడి నుంచి బాత్రూమ్ కిటికీ, కారు, వీధి, పైనుంచి తగలబడుతున్న ఊరు. ఒక్క కట్ కూడా ఎక్కువ లేదు. దాని వెంటనే జానీ క్యాష్ పాటతో టైటిల్స్, కైల్ కూపర్ చేసినవి. ఆ పాట వస్తుంటే ఇప్పటికీ నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

ఇది స్నైడర్‌కు మొదటి సినిమా. స్క్రీన్‌ప్లే జేమ్స్ గన్. 2 కోట్ల 60 లక్షల డాలర్లతో తీస్తే 10 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. ఇవాళ మనం చూస్తున్న పరిగెత్తే జాంబీల సినిమాల్లో దీని చెయ్యి ఎంతో ఉంది.

అసలు జాంబీ పరిగెత్తితేనే టెన్షన్. పాతదాంట్లో పక్కనుంచి నడిచి వెళ్ళిపోవచ్చు, అలా వెళ్ళిపోతారు కూడా.

ఎడిట్‌రూమ్ (హైదరాబాద్), ఆదివారం ఉదయం 10:02

ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి రాస్తున్నాను.

పాతది ఒక్క సినిమా కాదు, కనీసం మూడు. అమెరికాలో ఆడిన రొమేరో కట్ 127 నిమిషాలు. డబ్బు పెట్టడంలో చెయ్యేసిన ఇటలీ దర్శకుడు డారియో అర్జెంటో యూరప్ కోసం తనే వేరుగా ఎడిట్ చేయించాడు, అది జాంబీ అన్న పేరుతో అమెరికా కంటే ముందే 1978లో ఇటలీలో విడుదలైంది. ఇంకా పొడవైన 139 నిమిషాల కట్ ఒకటుంది. అర్జెంటో కట్‌లో గాబ్లిన్ బ్యాండ్ సంగీతం ఎక్కువ, నవ్వొచ్చే చోట్లు తక్కువ, పరుగు ఎక్కువ. రొమేరో కట్‌లో గాబ్లిన్‌తో పాటు లైబ్రరీ నుంచి తెచ్చిన మామూలు మ్యూజిక్ చాలా ఉంది. శవాలు ఎస్కలేటర్ మీద తూలుతుంటే కింద బ్యాండుమేళం లాంటి ట్యూన్ వినిపిస్తుంది. ఎవరైనా మొదటిసారి వింటే ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) తప్పు వేశారనుకుంటారు. కానీ అది మాల్ స్పీకర్లలో వచ్చే సంగీతం. కొనేవాళ్ళు పోయినా మాల్ తన పని తాను చేసుకుపోతోందని చెప్పడానికి అంతకంటే మంచి దారి లేదు.

ఫాస్ట్‌జాంబీ, పరిగెత్తితేనే టెన్షన్ అన్న మాటతో నాకు పేచీ ఉంది. పరుగులో వచ్చేది అదిరిపాటు. మెల్లగా నడిచే శవం ఉంటే ఎడిటర్‌కు టైమ్ దొరుకుతుంది. ఫ్రేమ్ మూల నుంచి ఒకటి వస్తోందని ప్రేక్షకుడికి తెలుసు, పాత్రకు తెలియదు. రోజర్‌ను చూడండి. మాల్ తలుపులకు అడ్డంగా పెట్టడానికి ట్రక్కులు తెచ్చే సీన్‌లో అతను ఉత్సాహం పట్టలేక ఆటలాడతాడు, అందుకే కరిపించుకుంటాడు. శవాల వేగం వల్ల కాదు, తన పొగరు వల్ల. పరిగెత్తే జాంబీలతో ఆ సీన్ రాయలేం. వాటితో మనిషికి తప్పు చేసేంత తీరిక ఉండదు.

రొమేరో కూడా ఇంటర్వ్యూల్లో శవం పరిగెత్తితే చీలమండలు విరిగిపోతాయనేవాడు.

నైట్‌డ్యూటీ (విశాఖపట్నం), ఆదివారం మధ్యాహ్నం 2:30

నేను స్టాఫ్ నర్సుని. ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది.

ఆనా కోసమే నాకు రీమేక్ దగ్గరైంది. మొదటి సీన్‌లో డ్యూటీ అయిపోయినా ఆమెను డాక్టర్ ఆపుతాడు. ఎవరో కరిచిన పేషెంటును ఐసీయూకి మార్చారన్న మాట అక్కడే వస్తుంది, ఆమె అలసటలో దాని గురించి ఆలోచించదు. మాకు అది రోజూ ఉండేదే. తర్వాత మాల్‌లో, ఇది కాటు వల్లే వస్తోందని కనిపెట్టేది ఆమే. అది కనిపెట్టాక ఆమె ముఖం చూడండి. తెలిసిందన్న సంతోషం ఉండదు. కాటు పడినవాళ్ళు ఇంకా పక్క గదిలో మాట్లాడుతూనే ఉన్నారు కదా, వాళ్ళను ఏం చేయాలి అన్న భయం ఉంటుంది.

ఇక్కడ రెండు సినిమాలకూ ఒక పెద్ద తేడా ఉంది, ఎవరూ రాయలేదు. రొమేరో సినిమాలో ఎలా చచ్చినా లేస్తారు, ముసలితనంతో పోయినా సరే. రీమేక్‌లో కాటు పడినవాళ్ళే లేస్తారు. అంటే పాతదాంట్లో చావే శాపం, కొత్తదాంట్లో అది అంటురోగం. అంటురోగం అనగానే పక్కనున్న మనిషి మీద అనుమానం మొదలవుతుంది. 2020, 2021లో ఆ అనుమానం మా వార్డు గుమ్మంలో ఎలా నిలబడిందో నేను చూశాను. కన్నకొడుకు అద్దం అవతలే ఆగిపోయాడు. తప్పు అతనిదని నేనను. ఫ్రాంక్ సీన్ చూసినప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు.

ఫ్రాంక్‌ను కరిచి ఉంటుంది, కూతురు నికోల్ పక్కనే ఉంటుంది. ముందే కాల్చేద్దామని ఒకరు, కుదరదని ఆనా. చివరికి ఫ్రాంకే ఒప్పుకుంటాడు. కానీ మిగిలిన ప్రతి సెకనూ తనకు కావాలన్న అర్థంలో ఒక మాట అంటాడు. కెన్నెత్ తుపాకీ పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు, అంతే. పరిగెత్తే జాంబీల సినిమా అని దీన్ని తోసేయకండి. ఆ సీన్‌లో ఎవరూ పరిగెత్తరు.

పాతరీలు, ఆదివారం మధ్యాహ్నం 3:05

నైట్‌డ్యూటీ గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. కాటుకీ చావుకీ ఉన్న తేడా నేను చూశాను గానీ అంతదూరం ఆలోచించలేదు. ఫ్రాంక్ సీన్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రీమేక్‌లో భయమే ఉందనడం తప్పు.

పాతదాంట్లో దానికి జోడీ సీన్ రోజర్ చావు. కాలు కుళ్ళిపోయి మంచాన పడతాడు. నేను లేస్తానని రూఢి అయ్యేదాకా కాల్చకు, లేవకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను అని పీటర్‌తో అంటాడు. ప్రయత్నిస్తాడట! పీటర్ పక్కనే కూర్చుని టీవీ చూస్తూ తాగుతుంటాడు. దుప్పటి కదులుతుంది. రోజర్ మెల్లగా లేచి కూర్చుంటాడు. స్నేహితుడి ప్రయత్నం ఓడిపోయిందని పీటర్‌కు తెలిసిపోతుంది.

ఫ్రాంక్‌కు మిగిలిన క్షణాలు కావాలి. రోజర్‌కు తన తర్వాతి క్షణాల మీద కూడా అదుపు కావాలి. రెండూ మనిషి అడిగేవే. ఏది ఎక్కువ అని చెప్పలేను.

పిట్స్‌బర్గ్‌తెలుగు (పెన్సిల్వేనియా), ఆదివారం రాత్రి 9:20 (మా దగ్గర ఉదయం)

ఈ చర్చ కనిపించగానే రాయకుండా ఉండలేకపోయాను. మీరు చెప్తున్న మాల్ మా ఇంటికి పావుగంట.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు పిట్స్‌బర్గ్ అంటే పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామి గుడి. 1970ల దశకంలో కట్టింది. ఆ గుడికొచ్చినవాళ్ళు కొండ దిగి మన్రోవిల్ వైపు తిరుగుతారు, భోజనానికో షాపింగ్‌కో. ఆ మన్రోవిల్ మాల్‌లోనే రొమేరో ఈ సినిమా తీశాడు. రొమేరో మా ఊరివాడి కిందే లెక్క. 1968లో నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ తీసింది కూడా ఈ చుట్టుపక్కలే.

మాల్ మూసేశాక రాత్రి పదకొండు తర్వాత షూటింగ్ మొదలుపెట్టి, తెల్లారి దుకాణాలు తెరిచేలోపు అంతా తుడిచి వెళ్ళిపోయేవారట. 1977 క్రిస్మస్‌కు అలంకరణలు పెట్టేసరికి కొన్నివారాలు ఆపేశారు. సినిమాలో కనిపించే పెన్నీస్ లాంటి బోర్డులు సెట్ కాదు, నిజం దుకాణాలే. ఐస్ స్కేటింగ్ రింక్ కూడా నిజంది, ఆ తర్వాత కొన్నేళ్ళకు తీసేశారు. అక్కడి చిన్న వంతెనను పిట్స్‌బర్గ్ హైంజ్ హిస్టరీ సెంటర్ తీసుకుంది. మాల్ లోపల రొమేరో కంచు విగ్రహం పెట్టారు. నేను మొదటిసారి వెళ్ళింది పిల్లలకు చలికోట్లు కొనడానికి. ఎస్కలేటర్ ఎక్కుతూ పైకి చూసి ఆగిపోయాను, వెనకవాళ్ళు జరగమన్నారు. ఆ సీన్ అక్కడే తీశారు.

పాతరీలు గారు మాల్ గురించి చెప్పినదానికి ఒక చిన్న సాక్ష్యం చేరుస్తాను. హెలికాప్టర్‌లోంచి మొదటిసారి ఆ బిల్డింగ్ చూసినప్పుడు వాళ్ళకు అదేంటో వెంటనే తట్టదు. ఈ మధ్య వస్తున్న పెద్ద ఇండోర్ మాల్స్‌లో ఒకటిలా ఉందని స్టీఫెన్ పోల్చుకుని చెప్తాడు. 1978 ప్రేక్షకుడికి మాల్ అంత కొత్త.

ఫాస్ట్‌జాంబీ, ఆదివారం రాత్రి 10:11

ఇది నాకు తెలియదు అన్నా. మా అమ్మ చెప్తుంది, హైదరాబాద్‌లో మాల్స్ వచ్చిన కొత్తలో జనం ఎస్కలేటర్ ఎక్కడానికే వెళ్ళేవాళ్ళట. పెద్దవాళ్ళు మెట్టు మీద కాలు పెట్టడానికి భయపడి వెనక్కి తగ్గేవాళ్ళట. పాత సినిమాలో శవాలు ఎస్కలేటర్ మీద పడిపోవడం ఆ లెక్కలో చూస్తే వేరేగా ఉంది.

మరి రీమేక్ మాల్ ఎక్కడిది? మిల్వాకీలో తీశారా?

ఎడిట్‌రూమ్, ఆదివారం రాత్రి 10:40

కథ మాత్రమే మిల్వాకీ. షూటింగ్ కెనడాలో, టొరంటో పక్కన థార్న్‌హిల్ స్క్వేర్ అనే మాల్‌లో. అప్పటికే మూతబడి కూల్చివేతకు సిద్ధంగా ఉంది. దాన్ని తీసుకుని కావలసినట్టు మార్చుకున్నారు. దుకాణాల పేర్లు చాలావరకు కల్పించినవి. వాటిలో ఒక బోర్డు మీద గేలెన్ రాస్ అని ఉంటుంది, పాత సినిమాలో ఫ్రాన్‌గా వేసిన నటి పేరు.

1978లో మాల్ బతికి ఉంది. పగలు జనం కొంటారు, రాత్రి శవాలు తిరుగుతాయి, మళ్ళీ పొద్దున జనం. 2004 సినిమా తీసే వేళకు మాల్ తానే చచ్చి ఉంది. స్నైడర్ మనుషులకు మాల్ చూస్తే ఆశ పుట్టదు, ఆశ్చర్యం ఉండదు. కాఫీ తాగుతారు, మంచి చెప్పులు వేసుకుంటారు, విసుగెత్తుతారు. ఆ రోజుల్ని ఒక పాట మీద మాంటేజ్‌గా చుట్టేశాడు. ఒప్పుకోదగ్గ పనే, కానీ సినిమాకు గుండెకాయ అయ్యే అవకాశం అక్కడే పోయింది.

రొమేరో ఆ భాగాన్నే తీరిగ్గా చూపించాడు. చూసేవాళ్ళు ల్యాగ్ అంటారు, కానీ సినిమా ఉన్నదే అక్కడ. బ్యాంకులోంచి నోట్లు తీసుకుంటారు, ఎప్పుడైనా పనికొస్తాయేమో అని. గడ్డం, జుట్టు సరిచేసుకుంటారు. ఫ్రాన్ అద్దం ముందు మేకప్ వేసుకుని బొమ్మలా కూర్చుంటుంది. స్టీఫెన్ ఉంగరం తొడగబోతే వద్దంటుంది, ఇప్పుడది నిజం కాదంటుంది. కడుపు పెరుగుతుంటుంది. టీవీలో ఏమీ రాకపోయినా పెట్టే ఉంచుతారు. కావలసినవన్నీ దొరికిన నలుగురు, తర్వాత ముగ్గురు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తారు. మోటార్‌సైకిళ్ళ ముఠా దోచుకోవడానికి వచ్చినప్పుడు స్టీఫెన్ దాక్కుని ఉంటే బతికేవాడు. ఇది మాది, మేం ముందు తీసుకున్నాం అంటూ కాల్పులు మొదలుపెడతాడు. తమది కాని సరుకు కోసం చస్తాడు.

కొండారెడ్డిబురుజు (కర్నూలు), సోమవారం ఉదయం 7:50

స్టీఫెన్ గురించి చెప్పింది అక్షరాలా నిజం సర్. మా వైపు ఇలాంటి చావులు కథల్లోనే కాదు, ఊళ్ళల్లోనూ విన్నాం. మాది అన్న ఒక్క మాట మీద.

అందుకే 2021లో ప్రశాంత్ వర్మ జాంబీ రెడ్డి తీసినప్పుడు మా కర్నూలు ఫ్యాక్షన్‌ను వాడుకోవడం నాకు నచ్చింది. అమెరికా మాల్‌ను తెచ్చి ఇక్కడ పెట్టలేదు. మనకున్న కత్తులు, పగలు, పెళ్ళింటి గొడవ తీసుకున్నాడు. రీమేక్ అంటే అలా ఉండాలేమో. పేరు అదే పెట్టుకోవడం కాదు, ఆ ఊళ్ళో ఆ కాలంలో జనం దేనికోసం కొట్టుకుంటున్నారో అది పట్టుకోవాలి. స్నైడర్ 2004 అమెరికాలో ఏం పట్టుకున్నాడో నాకు స్పష్టంగా కనబడలేదు.

ఇంకో మాట. పాత సినిమాలో ఇస్కాన్ భక్తుడి వేషంలో ఒక జాంబీ తిరుగుతుంటుంది, గమనించారా? కాషాయం బట్టలు, గుండు. మాల్‌లో నర్సు, ఆటగాడు, భక్తుడు అందరూ ఉంటారు. ఒక్కొక్కరి బట్టలు చూస్తే చనిపోయే ముందు ఏం చేసేవారో తెలిసిపోతుంది. రీమేక్‌లో గుంపే తప్ప మనుషులు గుర్తుండరు.

నైట్‌డ్యూటీ, సోమవారం మధ్యాహ్నం 1:15

ఇక్కడ మాత్రం ఒప్పుకోను తమ్ముడూ. రీమేక్‌లో జాంబీలు గుర్తుండకపోవచ్చు, మనుషులు గుర్తుంటారు. సీజేను చూడండి. మైకేల్ కెల్లీ వేసిన సెక్యూరిటీ గార్డు. మొదట వీళ్ళను లోపలికి రానివ్వడు, తుపాకులు లాక్కుంటాడు. చివర్లో మిగతావాళ్ళు పడవ ఎక్కడానికి తనే వెనక ఉండిపోయి గ్యాస్ సిలిండర్ పేల్చుకుని పోతాడు. మధ్యలో అతను మారాడని చెప్పే పెద్ద డైలాగు ఒక్కటీ లేదు.

ఎదురుగా తుపాకుల కొట్టు మేడ మీద చిక్కుకున్న యాండీ కూడా అంతే. మధ్యలో పార్కింగ్ నిండా శవాలు. కెన్నెత్, అతనూ బోర్డుల మీద రాసుకుంటూ చదరంగం ఆడతారు. గొంతు వినపడనంత దూరంలో ఉన్నవాడితో స్నేహం. అద్దం అవతల నుంచి కాగితం మీద రాసి చూపించే బంధువులను చూసినదాన్ని, నాకది ఆట కాదు.

2004లో ఏం పట్టుకున్నాడని అడిగారు. పక్కింటి పాప మన గుమ్మంలోకి రావడం, టీవీలో ఎవరూ నిజం చెప్పకపోవడం, ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చుకోలేకపోవడం. 2001 సెప్టెంబరు తర్వాతి అమెరికా అది కాదా?

కొండారెడ్డిబురుజు, సోమవారం మధ్యాహ్నం 1:40

అక్కా, సరే. సీజే గురించి మీరు చెప్పాక ఇంకోసారి చూడాలి.

ఎడిట్‌రూమ్, సోమవారం సాయంత్రం 6:22

ముగింపుల గురించి ఎవరూ రాయలేదు. రొమేరో మొదట రాసుకున్నదాంట్లో పీటర్ కాల్చుకుంటాడు, ఫ్రాన్ తిరుగుతున్న హెలికాప్టర్ రెక్కలోకి తల పెడుతుంది. అది మార్చి, పీటర్ ఆఖరి క్షణంలో మనసు మార్చుకుని మేడ మీదికి పరిగెత్తేలా తీశాడు. హెలికాప్టర్ నడిపేది ఫ్రాన్. తనకూ నడపడం నేర్పమని ముందే పట్టుబట్టి నేర్చుకుంటుంది, అది వృథా పోలేదు. ఇంధనం ఎంతో లేదు. తెల్లవారుతుంటుంది. ఎక్కడికో తెలియదు.

స్నైడర్ కూడా సినిమాను పడవ మీద తెల్లవారుజామున ఆపాడు. కానీ టైటిల్స్ మధ్య వీడియో కెమెరా ముక్కలు పెట్టి, వాళ్ళు దీవికి చేరగానే అక్కడా శవాలు పరిగెత్తుకొస్తున్నాయని చూపించాడు. నాకు అది అనవసరపు పోటు. రొమేరో ఇచ్చిన నాలుగు చుక్కల ఇంధనం అంతకంటే బరువైంది.

పాతవాళ్ళకు రీమేక్ గౌరవం ఇచ్చింది, అదీ చెప్పాలి. టీవీలో ప్రవచనం చెప్పే పాస్టర్‌గా పాత పీటర్ కెన్ ఫోరీ, జనరల్‌గా పాత రోజర్ స్కాట్ రైనిగర్, షెరీఫ్‌గా మేకప్ మాంత్రికుడు టామ్ సవీనీ కనిపిస్తారు. నరకంలో చోటు నిండితే శవాలు భూమి మీద నడుస్తాయన్న పాత మాటను మళ్ళీ కెన్ ఫోరీ నోటనే పలికించారు.

ఫాస్ట్‌జాంబీ, సోమవారం రాత్రి 9:30

నిన్న రాత్రి పాతది మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చూశాను, ఫోన్ పక్కన పెట్టి. ముందు కూడా చూశానన్నాను గానీ నిజానికి అప్పుడు ఫార్వర్డ్ చేసుకుంటూ చూశాను.

మాల్‌కంటే ముందు ఒక సీన్ ఉంది, మీరెవరూ రాయలేదు. పోలీసులు పేదల అపార్ట్‌మెంట్ మీద దాడి చేస్తారు, నల్లవాళ్ళూ పోర్టోరికోవాళ్ళూ ఉండే చోటు. చచ్చినవాళ్ళను అప్పగించమంటే జనం అప్పగించలేదు, కింద గదిలో దాచుకున్నారు. ఒక కాలు లేని ముసలి పాస్టర్ వచ్చి పీటర్‌తో మాట్లాడి వెళ్ళిపోతాడు. తర్వాత పీటర్ ఆ గదిలోకి దిగి ఒక్కొక్కటినీ కాలుస్తుంటే అతని కళ్ళల్లో నీళ్ళు. వాళ్ళెందుకు దాచుకున్నారని రోజర్ అడిగితే, చావంటే ఇంకా గౌరవం ఉంది కాబట్టి అన్న అర్థంలో చెప్తాడు.

ఆ సీన్‌కు సాటి వచ్చేది రీమేక్‌లో లేదు. మొదటి పది నిమిషాల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాతరీలు, సోమవారం రాత్రి 9:58

తీసుకోవద్దు నాన్నా. ఆ పది నిమిషాలు నాకూ నచ్చాయి.

పిట్స్‌బర్గ్‌తెలుగు గారూ, మన్రోవిల్ మాల్‌ను వాల్‌మార్ట్ కొన్నదని చదివాను, కూలుస్తారా?

పిట్స్‌బర్గ్‌తెలుగు, మంగళవారం ఉదయం 6:10

2025 మొదట్లో కొన్నారు. కూల్చి కొత్తగా కట్టాలన్న ఆలోచన ఉందనే ఇక్కడ అందరూ అంటున్నారు. చాలా షట్టర్లు దించే ఉన్నాయి. ఈ శనివారం గుడికి వెళ్తున్నాం, దర్శనమయ్యాక మాల్‌కు వెళ్ళి ఎస్కలేటర్, రింక్ ఉన్న చోటు, రొమేరో విగ్రహం ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను. ఇంకేదైనా చోటు కావాలంటే శుక్రవారంలోపు రాయండి.

నైట్‌డ్యూటీ, మంగళవారం ఉదయం 7:45

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. మేడ మీదికి వెళ్ళే మెట్లు, వాళ్ళు దొంగ గోడ కట్టిన వైపు, వీలైతే.